ఇంటి మీది వంకర మొఖం

నా తమ్ముడి ఇంటికి నాలుగు మూలలా నా ముఖం ఉంది. డాబా మీద పడిన వాన నీళ్లన్నీ ఆ ముఖం నోట్లోంచే బయటికి దూకుతాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు, కొందరు ఫోన్లు తీసి ఫొటోలు కూడా తీసుకుంటారు. ఆ ఇంటి గృహప్రవేశం నాడు పొయ్యి ముందు కూర్చొని పాలు పొంగించడానికి మాత్రం ఆ ముఖం పనికిరాదన్నారు. కోపం చల్లారాక నెమ్మదిగా రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. అది చల్లారే రకం కాదని తేలిపోయింది కాబట్టి వేడి మీదే రాస్తున్నాను.

మా వైపు కొత్త ఇంట్లో మొదటిసారి పాలు పొంగించేది ఆ ఇంటి ఆడబిడ్డ. ఇంటి యజమానికి అక్క ఉంటే అక్క, చెల్లెలుంటే చెల్లెలు. ఆమె అగ్గిపుల్ల గీసి, పాలు పొంగి తూర్పు వైపు కారితే తప్ప ఆ ఇంట్లో ఇంకో గిన్నె పొయ్యి ఎక్కదు. మా అవ్వకు నేనూ తమ్ముడూ ఇద్దరమే. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. కాబట్టి తమ్ముడు కట్టిన ఇంట్లో ఆ పొయ్యి ముందు వేసే పీట నాది. ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు, వాడికంటే ముందు పుట్టినందుకు నాకు వచ్చింది.

ఇక నా ముఖం సంగతి. బోధన్ అవతల మా ఊళ్లో నా చిన్నప్పుడు ఎటు చూసినా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీకి తోలింది పోగా మిగిలిన చెరుకుతో చేన్ల దగ్గరే బెల్లం వండేవాళ్లు. బట్టీ మీద పెద్ద కడాయి, అందులో రోజంతా కాగే రసం. పిల్లలందరం చెరుకు ముక్క చెక్కుకొని, చిక్కబడిన పాకంలో ముంచి, ఊదుకుంటూ నాకేవాళ్లం. పెద్దవాళ్లెవరూ వద్దనేవారు కాదు, వాళ్లూ చిన్నప్పుడు చేసిన పనే. ఒకనాడు నేను కడాయి మీదికి వంగిన సమయానికే పాకం పొంగింది. పొంగు అణిగేందుకు నూనె చుక్కలు వేసే పని అవ్వది. ఆ పూట పక్క చేను ఆవిడతో మాటల్లో పడి చూసుకోలేదు.

బెల్లం పాకం నీళ్లలా జారిపోదు, పట్టుకొని కూర్చుంటుంది. నా ఎడమ చెంప, ఎడమ కన్ను, పై పెదవి సగం పట్టుకుంది. కన్ను పోలేదు కానీ రెప్ప సగమే లేస్తుంది. పెదవి పైకి లాక్కుపోయి రెండు పళ్లు ఎప్పుడూ బయటే ఉంటాయి. నేను నవ్వుతున్నానో తిడుతున్నానో కొత్తవాళ్లు పోల్చుకోలేరు. చాలాసార్లు తిడుతూనే ఉంటాను.

మా ఊరికి నడిచిపోయేంత దూరంలో ఒక పాత గుడి ఉంది. గుమ్మం పైన రాతిలో చెక్కిన ఒక ముఖం. మిడిగుడ్లు, ఉబ్బిన చెంపలు, కోరలు, కింది దవడ లేదు. ఆకలికి తట్టుకోలేక తన ఒళ్లు తానే తినేసి ముఖమొక్కటే మిగిల్చుకున్న రాక్షసుడని పూజారి చెప్పేవాడు. గుడి వెనక, అభిషేకం నీళ్లు బయటికొచ్చే చోట ఇంకొక బొమ్మ. మొసలి నోరు, పైకి చుట్టుకున్న తొండం, పంది చెవులు అన్నీ ఒకదానికే పెట్టారు. నీళ్లు దాని నోట్లోంచి పడుతుంటే ఊరివాళ్లు దోసిలి పట్టి తాగేవాళ్లు. బడి పిల్లలు వీటిని చూసే నాకు ‘గుడి మొఖం’ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ల మీద కోపమొచ్చింది గానీ పేరు మీద రాలేదు. సెలవుల్లో తమ్ముణ్ని వెంటేసుకొని పోయి ఆ గుమ్మం మెట్ల మీదే కూర్చునేదాన్ని.

అక్కడికి అప్పుడప్పుడు పట్నం మనుషులు కెమెరాలు మెడలో వేసుకొని వచ్చేవాళ్లు. ఆ కోరల ముఖం కింద మెడలు నొప్పిపుట్టేలా తలలెత్తి, ఎంత బాగా చెక్కారు, ఎంత జీవం ఉంది అనేవాళ్లు. తల దించి నన్ను చూడగానే చూపు పక్కకు తిప్పేసేవాళ్లు. ఒకావిడ నన్ను జరగమంది, ఫొటోలో పడతానని. రాయి వికారంగా ఉంటే కళ, మనిషి వికారంగా ఉంటే కర్మ. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు నేను జరగలేదు, ఆవిడ ఫొటో తీసుకోకుండానే పోయింది.

చదువుకున్నాను. తెలుగు టీచరునయ్యాను. బోధన్‌లో కాపురం, మోస్రా దగ్గర బడి. కొత్త తరగతికి మొదటి రోజు పోయినప్పుడు పాఠం చెప్పను. కుర్చీ ముందుకు లాక్కొని కూర్చొని, “చూడండి. బాగా చూడండి. కాలింది, బెల్లం పాకం. ఇంకేమైనా అడిగేదుంటే ఇవాళే అడగండి, రేపటి నుంచి వ్యాకరణం,” అంటాను. పిల్లలు చూస్తారు, అడుగుతారు, రెండు రోజుల్లో మర్చిపోతారు. పిల్లలకు చేతనైంది పెద్దవాళ్లకు ఎందుకు చేతకాదో మరి. నా భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్లిచూపుల్లో నా ముఖం వైపు సూటిగా చూసి “ఎట్ల కాలింది?” అని అడిగిన ఒకే ఒక్క మనిషి కాబట్టి ఆయన్ని చేసుకున్నాను.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయి వరి వచ్చింది. తమ్ముడికి వరి మీద మనసు లేదు. నిజామాబాద్ వెళ్లి, సిమెంటు బొమ్మలు పోసేవాళ్ల దగ్గర పని నేర్చుకొని, బోధన్ రోడ్డు మీద సొంత షాపు పెట్టాడు. తులసి కోటలు, కిటికీ గ్రిల్లులు, పిట్టగోడ మీద పెట్టే కలశాలు, గేటు పక్కన కూర్చునే సింహాలు. వాటన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేవి దిష్టి ముఖాలు. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఊరి కళ్లు ఇంటి మీద పడకుండా బయటికి నాలుక చాపిన ఒక రాక్షస ముఖం పెట్టుకుంటారు. అందరూ గుమ్మడికాయ మీద మీసాలు గీసి వేలాడదీస్తుంటే, వాడు ఆ ముఖాన్నే డాబా నీళ్లు పోయే తూముకు అతికించాడు. నోరే తూము. దిష్టికి దిష్టి, వాన నీళ్లు గోడ మీద కారకుండా దూరంగా పడటం ఇంకో లాభం. పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

మొదటిసారి ఆ ముఖాన్ని నేను బస్సులోంచి చూశాను. మోస్రాలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన కొత్త రెండంతస్తుల ఇల్లు, పై మూలన బూడిద రంగు ముఖం. ఎడమ కన్ను సగం మూసి ఉంది. పై పెదవి ఎడమవైపు ఎగదీసుకొని రెండు పళ్లు బయటపెట్టింది. ఎడమ చెంప మీద ముడతలు చెవి దాకా పోయాయి. నా చెయ్యి దానంతటదే నా చెంప మీదికి పోయింది. నీకు అంతటా నీ ముఖమే కనబడుతుందే పిచ్చిదానా అని నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత మాక్లూర్‌లో ఒక పెళ్లికి పోతే అక్కడొకటి. మోర్తాడ్‌లో పసుపు వ్యాపారి ఇంటి మీద వరసగా పెట్టారు. ఎవడో అచ్చు తీసినట్టు అన్నిటికీ ఎడమ కన్నే సగం మూసి ఉంది. ఇక అనుమానం లేదు.

ఒక ఆదివారం చెప్పకుండా షాపుకు పోయాను. తడిపిన గోనె సంచుల కింద ముఖాలు వరసగా ఆరుతున్నాయి. ఎవరో ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి తమ్ముడితో బేరం మీద ఉన్నాడు, నాకు వీపు చూపిస్తూ.

“సింహం మొఖం నాకొద్దు. మా తోడల్లుడు వెట్టుకున్నడు, పిల్లి లెక్క ఉన్నది. గా వంకర మొఖందే ఇయ్యి. మోర్తాడ్‌ల సూసిన. గది వెట్టినంక వాళ్లింటి దిక్కు ఒక్కడు కన్ను లేపి సూస్తలేడంట,” అంటున్నాడు.

తమ్ముడు నన్ను చూశాడు. వాడి ముఖంలో రంగు మారడం చూసి ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, గోనె సంచుల వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. పాపం, చెడ్డవాడు కాదు. చేతులు జోడించి దండం పెట్టాడు. నాకు పెట్టాడో ఆ ముఖానికి పెట్టాడో ఆ పెద్దమనిషికే తెలియాలి. తర్వాత వస్తానని చెప్పి మోటారు సైకిల్ ఎక్కేశాడు.

“ఏందిరా ఇది?” అన్నాను.

వాడు కుర్చీ తెచ్చాడు, నీళ్లు తెచ్చాడు. నేను కూర్చోలేదు, తాగలేదు. చివరికి సిమెంటు బస్తా మీద తనే కూర్చున్నాడు.

“కావాలని చెయ్యలే అక్క. ఒట్టు. మట్టి వెట్టుకుంట పోయిన. భయం పుట్టేటట్టు ఒక మొఖం చెయ్యాలె అనుకున్న. అందరు జేసే సింహాలు నాకు సూస్తే నవ్వొస్తది. చెయ్యి దాని తీరుగ అది పోయింది. అయినంక సూస్తే… నువ్వే.”

“భయం పుట్టే మొఖమంటే నీకు నేనే యాదికొచ్చిన్నా?”

“నాకు భయం గాదక్క. నాకెన్నడు భయం గాలె. చిన్నప్పుడు బడికాడ పోరగాండ్లు నన్ను కొట్టవస్తే నువ్వొచ్చి ముందర నిలవడ్తుంటివి. ఒక్క మాట అనకపోతుంటివి. వాళ్లు ఉరికేటోళ్లు. నీ ఎనుక నిలవడితే నాకేం గాదు అని నాకెర్క. గదే అక్క. ఇల్లంటే గట్లనే గదా, ముందర ఎవలో ఒకలు నిలవడాలె.”

వాడు అబద్ధం చెప్పలేదు. అది నాకు తెలుసు, అందుకే ఇంకా మండింది. వాణ్ని కొట్టడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి ఎందుకు పారిపోయేవాళ్లో ఆ వయసులోనే నాకు తెలుసు. తెలిసే పోయి నిలబడేదాన్ని. కానీ నేను నా తమ్ముడి కోసం నిలబడ్డాను, జిల్లాలో ఇల్లు కట్టిన ప్రతివాడి కోసం కాదు. ఊరూరా నన్ను తూముకు అతికించి, నా నోట్లోంచి వాళ్ల డాబా మురికి నీళ్లు పోనిస్తుంటే వాడికి ఒక్కసారైనా ఫోన్ చేసి చెప్పాలనిపించలేదు. అదే అడిగాను. తల వంచుకున్నాడు. నేను బస్సెక్కి వచ్చేశాను. ఆ ముఖాన్ని అమ్మొద్దని మాత్రం అనలేదు. వాడి పొట్ట కొట్టాలని నాకెప్పుడూ లేదు.

తర్వాత వాడు నిజామాబాద్ శివార్లలో సొంత ఇల్లు కట్టుకున్నాడు. తన ఇంటికి కదా, నాలుగు మూలలకూ నాలుగు ముఖాలు కొత్తగా పోశాడు. మిగతావాటికంటే పెద్దవి, నున్నగా రుద్ది రాతి రంగు వేసినవి. ఇంటిని చూసినవాళ్లు షాపుకు వస్తారని వాడి ఆలోచన. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు.

పిలుపుకు అవ్వే వచ్చింది. కుంకుమ భరిణె సంచిలో పెట్టుకొని బస్సులో బోధన్ దాకా వచ్చింది. నాకు బొట్టు పెట్టింది, చీర చేతిలో పెట్టింది. చాయ్ తాగింది. గ్లాసు కింద పెట్టి, కిటికీ వైపు చూస్తూ అంది.

“పాలు మీ చిన్నాయన బిడ్డ పొంగిస్తది బిడ్డా. నువ్వు జెర ఎనుకకుండు. ఒడిబియ్యం అయితే నీకే పోస్తం.”

“ఎందుకవ్వా?”

“ఎందుకంటవేంది. ఈడియో తీస్తరు. కోడలు దిక్కు సుట్టాలు మస్తుమంది వస్తున్నరు. మొదటి పొంగు నాడు మంచి మొఖం సూడాలంటరు.”

“ఎవలంటరు?”

“అందరంటరు.”

ఆ అందరూ ఎవరో నాకు ఒక్కరి పేరు కావాలి. అవ్వ చెప్పలేదు. కొంగుతో మూతి తుడుచుకొని, “నా నోటితోని నేనంటున్ననా బిడ్డా, లోకం సంగతి చెప్తున్న,” అంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. మా ఇంటి కాకికి మాత్రం తన పిల్లకంటే చెట్టు మీది మిగతా కాకుల మాట ముఖ్యం. ఆ కడాయి దగ్గర నూనె చుక్క వెయ్యాల్సింది ఎవరు అని నేను ఈ నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఎందుకు మింగానో, అందుకూ కోపమే.

అవ్వను బస్సెక్కించి మరదలికి ఫోన్ చేశాను.

“నేనెందుకంట వదినె? అత్తమ్మనే అన్నది. నువ్వు మనసు కష్టపెట్టుకుంటవేమో అని నేనే అన్న,” అంది.

తమ్ముడికి చేశాను. “గది ఆడోళ్ల ముచ్చట అక్క. నన్ను నడుమల గుంజకు,” అన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు. ఎవరూ అనలేదు, ఎవరికీ ఇష్టం లేదు, ఎవరికీ నా మీద ద్వేషం లేదు. అయినా నిర్ణయం అయిపోయింది, చిన్నాయన కూతురికి పట్టుచీర కూడా కొనేశారు. ఒక్కడు ఎదురుగా నిలబడి, నీ ముఖం అపశకునం అని అంటే కనీసం వాణ్ని తిట్టొచ్చు. ఈ మెత్తటి మనుషులతో ఎట్లా కొట్లాడాలి? మర్నాడు బడిలో ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు. సాయంత్రం నేరుగా నిజామాబాద్ పోయాను.

తమ్ముడు కొత్త ఇంటి ముందే ఉన్నాడు, రంగులవాళ్లతో. తల ఎత్తి చూశాను. నాలుగు మూలల నుంచీ నేను రోడ్డు వైపు చూస్తున్నాను.

“గవి దించు,” అన్నాను.

“ఏంటివి?”

“నా మొఖాలు. లోపట వద్దన్న మొఖం బయట ఎందుకు? దించు. లేకుంటే పాలు నేను పొంగిస్త. రెండిట్ల ఒకటి.”

వాడు నవ్వబోయి ఆగాడు. నేను పరిహాసం ఆడటం లేదని తెలుసుకోవడానికి కాస్త సేపు పట్టింది.

“ఎట్ల దించాలె అక్క? పైపులు అండ్లకెల్లే ఉన్నయి. సజ్జతోని కలిపి పోసిన. దించితే గోడ వగుల్తది.”

“అయితే నేను గూడ దిగ.”

“అవ్వ ఏమంటదో…”

“అవ్వ ఏం అనదు. లోకం అంటదన్నది. లోకం వస్తే నన్ను జూపియ్యి.”

రంగులవాళ్లు పని ఆపి చూస్తున్నారు. వాడు వాళ్ల మీద అరిచాడు, నా మీద అరవలేక. నేను కూడా వాడి మీద అరవాల్సినంత అరిచాను, ఇక్కడ అది రాయను. ఇంటికి కాపలా కావాలంటే నేను, ఇంట్లో పండగైతే నేను కాదు. ఇది కుక్కకు చేసే మర్యాద, అక్కకు కాదు. ఆ ఒక్క మాట మాత్రం రాస్తున్నాను. వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా వచ్చేశాను.

గృహప్రవేశం నాడు తెల్లవారి నుంచే వాన. నేనూ నా భర్తా పోయేసరికి పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. డాబా నీళ్లు నాలుగు నోళ్లలోంచీ ధారగా దూకుతున్నాయి. మరదలి తరఫు చుట్టాలు కొందరు పందిరి అంచున నిలబడి వాటిని చూసి నవ్వుతున్నారు. “సూడుండ్రి, ఎట్ల ఉమ్ముతున్నదో,” అంది ఒకామె. నేను వాళ్ల పక్క నుంచే లోపలికి పోయాను. నవ్వు ఆగింది. ఒకామె తన కూతుర్ని మెల్లగా వెనక్కి లాక్కుంది. నాకు అలవాటే. అలవాటైతే నొప్పి ఉండదని ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దు.

వంటింట్లో పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి ఉంది. కొత్త గిన్నెలో పాలు పోసి ఉన్నాయి. పీట మీద చిన్నాయన కూతురు పట్టుచీరలో, చేతిలో అగ్గిపెట్టెతో కూర్చుని ఉంది. అవ్వ గుమ్మానికి ఆనుకొని నిలబడింది. నన్ను చూసి కళ్లతోనే బతిమాలింది. అయ్యగారు తన మానాన తాను మంత్రం ముగించి, “ఇంటి ఆడబిడ్డ ఎవరమ్మా? దీపం చూసి పొయ్యి ముట్టించాలె,” అన్నారు.

చిన్నాయన కూతురు ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. ఆమె ముఖం చూస్తే తెలిసింది, ఈ పీట మీద ముళ్లు ఉన్నాయని ఆమెకు ముందే తెలుసని.

“నేనే,” అన్నాను.

ఆ పిల్ల గబుక్కున లేచింది. “కూసో అక్క. నన్నైతే కూసోమన్నరు గని నాకు నిన్నటి సంది మంచిగ లేదు,” అని అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది. అంతే. ఎవరూ అడ్డుకోలేదు, ఎవరూ కసురుకోలేదు. ఇంత తేలికగా అయ్యే పనికి ఇన్ని రోజులు నాకు నిద్ర లేకుండా చేశారా అనుకుంటూ పీట మీద కూర్చున్నాను. పుల్ల గీశాను. పాలు కాగుతుంటే వీడియో అబ్బాయి కెమెరాను గిన్నె మీదికి వంచి పెట్టుకున్నాడు. ఎవరో చెప్పి పెట్టారు వాడికి.

“మొఖం గూడ తియ్యి,” అన్నాను.

వాడు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు చొక్కా అంచు నలుపుకుంటూ, “తియ్యి,” అన్నాడు.

పాలు పొంగాయి. తూర్పుకే కారాయి. అయ్యగారు శుభం అన్నారు. అందరూ శుభం అన్నారు, ‘సూడుండ్రి’ అన్న ఆమె కూడా. నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. నాదే అయిన దాన్ని నేను పోయి లాక్కోవాల్సి వచ్చింది, ఇవ్వాల్సినవాళ్లు పక్కన నిలబడి చూశారు. పొంగిన పాలతో పరమాన్నం వండారు. నేను రెండు ముద్దలు తిని లేచాను.

తర్వాత ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒళ్లో పసుపు కలిపిన బియ్యం పోసి, నువ్వు మాదానివే అని నలుగురి ముందు చెప్పడం అది. హాల్లో పీటలు వేశారు. నేనూ నా భర్తా తూర్పు ముఖంగా కూర్చున్నాం. చుట్టూ చుట్టాలంతా చేరారు. కొంగు చాపి పట్టుకున్నాను. మా ఇంట్లో బియ్యం పోసే ముందు ఆడబిడ్డకు కాళ్లకే కాదు, రెండు చెంపలకూ పసుపు రాస్తారు. అది తల్లి చెయ్యాలి. అవ్వ పసుపు గిన్నె పట్టుకొని నా ముందు వంగింది.

కాళ్లకు రాసింది. కుడి చెంపకు రాసింది, చల్లగా తగిలింది. చెయ్యి ఎడమవైపు లేచింది. పసుపు కంట్లో పడుతుందని ఎవరైనా ఆ సమయంలో కళ్లు మూసుకుంటారు, నేనూ మూసుకున్నాను. ఆ చెంపకు చర్మం ఉంది గానీ స్పర్శ లేదు. చలీ వేడీ తెలియవు, ఎవరైనా ముట్టినా తెలియదు. కళ్లు తెరిచేసరికి అవ్వ నిటారుగా నిలబడి ఉంది. గిన్నె మరదలి చేతిలోకి పోయింది. ముసలివాళ్లు పాట అందుకున్నారు.

పక్కనే బియ్యం పళ్లెం పట్టుకొని తమ్ముడు నిలబడి ఉన్నాడు.

“రాసిందారా?” అని అడిగాను.

వాడు నా ముఖం వైపు చూశాడు. తర్వాత అవ్వ వైపు చూశాడు. వద్దన్నట్టు అవ్వ కనురెప్ప కదిలింది, నేనూ చూశాను.

“లేదక్క,” అన్నాడు.

నేను చాపిన కొంగు వదిలేశాను. పసుపు గిన్నె పక్కన పెట్టి దోసిలి నిండా బియ్యం తీసుకున్న మరదలు పోయడానికి ఒడి లేక ఆగిపోయింది. పాట ఒక్కొక్క గొంతుగా ఆగింది.

“చెయ్యి వణికింది బిడ్డా,” అంది అవ్వ.

“వణకనీ. రాయి.”

“ఇంతమంది ముందర…”

“ఇంతమంది ముందరనే.”

అవ్వ కోడలి పక్కనున్న గిన్నె తీసుకుంది. చాలాసేపు దానిలోకి చూసింది. వేళ్లు ముంచింది. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు.